చేతులు కనిపించని బల్ల

మా నాటక సమాజంలో నా పని కనిపించకుండా కూర్చోవడం. స్టేజీ పక్కన తెర మడతల వెనక పొట్టి స్టూలు మీద కూర్చుని, ఎవరైనా మాట మరిచిపోతే అందిస్తాను. నా గొంతు నటుడి చెవి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోవాలి. ముందు వరసలోవాళ్ళకి కూడా వినపడకూడదు. అందుకే అందరూ నన్ను ‘గుసగుస’ అంటారు. బడిలో కూడా నోరు విప్పని పిల్లకి ఇంతకంటే తగిన ఉద్యోగం దొరకదని మా నాన్న నవ్వేవాడు.

ఈ పని నాకు నేర్పింది అత్త, నాన్నకి అక్క. సమాజం పెట్టింది ఆమే, నడిపేదీ ఆమే.

"మరిచిపోవడం వేరు, ఆగడం వేరు," అని మొదటిరోజే చెప్పింది. "కావాలని ఆగినచోట నువ్వు మాట అందించావనుకో, ఆ సీను గొంతు నులిమినట్టే. మొహం చూసి మోసపోకు. మొహంతో అబద్ధమాడటమే మా వృత్తి. చేతులు చూడు. ఆగినవాడి చేతుల్లో ప్రాణం ఉంటుంది, ఏదో ఒక వేలు కదులుతూనే ఉంటుంది. మరిచిపోయినవాడి చేతులు కొయ్యబారిపోతాయి."

ఆ మాట నేర్చుకోకపోయినా బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఒకరోజు పొద్దున పాలకని వెళ్ళిన అత్త ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే వీధి మలుపులో నిలబడి ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది. సంచీ పట్టుకున్న చెయ్యి, పక్కకి వేలాడుతున్న చెయ్యి, రెండూ చెక్కినట్టు ఉన్నాయి.

"ఏంటే అలా చూస్తావ్? కాస్త గాలికి నిలబడ్డా," అంది.

ఆమె కంటే అడుగు ముందు నడిచాను, దారి నేనే చూపిస్తున్నట్టు తెలియకుండా.

హాల్లో మాత్రం ఆమె దేన్నీ మరిచిపోదు. మా హాలు టైర్ల గోదాము పైన. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన కొడుతుంది. స్టేజీ వెనక మేకప్ గదిలోనే అత్త మంచం, స్టవ్వు, బట్టల పెట్టె. చీకట్లో కూడా ఏ చెక్క కిర్రుమంటుందో చూసుకుని అడుగు వేస్తుంది. మెట్లు దిగి వీధిలోకి వస్తే చాలు, చేతులు కొయ్యబారిపోతుంటాయి. ఆ హాలు అద్దె నగరపాలక సంస్థ ఇచ్చే గ్రాంటుతో గడిచేది. ఈ సంగతులన్నీ కలిపి, హాలు పోతే అత్తకి ఏం మిగులుతుందో చూసుకున్నది నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు.

అలాంటప్పుడు వచ్చింది కబురు. కళాసంస్థల గ్రాంట్లన్నీ సవరిస్తున్నారట. కొత్త లెక్కలో మా సమాజానికి ఏమీ లేదు. అభ్యంతరం ఉంటే సంస్థ పెద్ద స్వయంగా కమిటీ ముందుకి వచ్చి మాట్లాడాలి. కాగితం చూసి చదవకూడదు.

"సవరించడమంటే చొక్కా బిగుతు చేస్తారనుకున్నా. ఇది చొక్కా విప్పించడం," అన్నాడు రాజుగారు. ఆయన పగలంతా ఫ్యాన్లు బాగుచేస్తాడు, సాయంత్రం రాజు వేషాలు వేస్తాడు.

నేను అత్తని పక్కకి పిలిచాను. "అత్తా, ఈసారి రాజుగారిని మాట్లాడమందామా?"

"వాడా? వాడెళ్తే గ్రాంటు అడగడు, కప్పం అడుగుతాడు."

"పోనీ..."

"పోనీ నువ్వు మాట్లాడతావా?" అని నవ్వింది. నేను తెర మడతల వెనక్కి వెళ్ళిపోయాను. ఇంక ఆ ఊసెత్తలేదు.

అత్త రోజూ స్టేజీ మీద నిలబడి కమిటీకి చెప్పాల్సిన మాటలు చెప్పుకునేది. నేను స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. ఒక్క మాట పొల్లుపోలేదు. ఆగినచోటల్లా చూపుడువేలు చీర అంచుని రాస్తూనే ఉంది. "కమిటీవాళ్ళు ముక్కులు చీదుకుంటారు చూడక్కా," అన్నాడు రాజుగారు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆమె ఇవన్నీ హాల్లో చెబుతోంది. కమిటీ కూర్చునేది మా హాల్లో కాదు.

కమిటీకి వెళ్ళే రోజు ఆటోలో అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

కమిటీ గది అంతా పలకరాళ్ళు, గాజు. తెరలు లేవు, తివాచీ లేదు. ఏసీ ఒకటే రొద. పొడుగు టేబుల్ వెనక ముగ్గురు. మాట్లాడేవాళ్ళకి ఎదురుగా, గుండెల ఎత్తున ఒక బల్ల, దానిమీద మైకు. మా కుర్చీలు ఓ పక్క గోడ వెంట వేశారు. నా పక్కన పిల్లలకి బొమ్మలు వెయ్యడం నేర్పే బడి టీచరు గోళ్ళు కొరుక్కుంటోంది. కొత్త లెక్కలో గ్రాంటు వచ్చింది వాళ్ళకి. మా అభ్యంతరం నెగ్గితే అందులో కోత పడుతుంది. అయినా నా మొహం చూసి మంచినీళ్ళ సీసా అందించింది. తాగలేకపోయాను.

అత్త వెళ్ళి బల్ల దగ్గర నిలబడింది. అప్పుడు చూశాను. ఆ బల్లకి మూడువైపులా చెక్క పలకలు. ఆమె చేతులు లోపలికి వెళ్ళిపోయాయి.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని, అలిసిపోయిన గొంతుతో అంది. "అమ్మా, మీ నాటకాలు నేనూ చూశాను. బాగుంటాయి. కానీ అడిగేవాళ్ళు పెరిగారు, డబ్బు పెరగలేదు. రేపు కూడా నిలబడేవాళ్ళకే ఇద్దామనుకుంటున్నాం. మీ తరవాత మీ సమాజం ఉంటుందా? అది చెప్పండి."

అత్త మొదలుపెట్టింది. గొంతు నిండుగా ఉంది. టేబుల్ చివర కూర్చున్న ఆయన రాయడం మానేసి విన్నాడు. నేను కుర్చీలో కొంచెం వెనక్కి వాలాను.

"మా మెట్లెక్కి వచ్చినవాళ్ళెవరూ..." అంది అత్త. అని ఆగింది.

అది ఆగే చోటు కాదు. లేదా కొత్తగా ఆగిందేమో. ఒక్కోరోజు ఆమె అలా మారుస్తుంది కూడా. మొహంలో చిరునవ్వు అలాగే ఉంది. నేను చేతుల కోసం చూశాను. చెక్క. ముందుకి వంగి చూశాను. చెక్కే. ఏసీ రొద పెద్దదవుతూ వచ్చింది. అధ్యక్షురాలు కళ్ళజోడు కిందికి దించుకుంది. ఇంకా అక్కడే ఉంది ఆ చిరునవ్వు.

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఊరికే తిరిగి వెళ్ళలేదు."

నా గొంతు ఎప్పుడూ తెరల్లో ఇంకిపోయేది. అక్కడ ఇంకడానికి ఏమీ లేదు. పలకరాళ్ళకి తగిలి గదంతా తిరిగింది.

"ఎవరది?" అంది అధ్యక్షురాలు.

నేను లేచి నిలబడ్డాను. అయిపోయింది అనుకున్నాను. హాలు పోయింది, నేనే పోగొట్టాను.

"మీరు ఆవిడకి మాటలు అందిస్తున్నారా?"

నేను నోరు తెరిచేలోపే అత్త పకపకా నవ్వింది. "నేను ఆగానండీ. ఇది తొందరపడింది. మా ప్రాంప్టరు, నా మేనకోడలు. నా తరవాత ఎవరని అడిగారుగా, ఇదిగో, ఇదే. మా నాటకాలన్నీ దీనికి కంఠతా వచ్చు, రాజు మాటల దగ్గర్నుంచి కాపలావాడి మాటల దాకా. రావే, మిగతాది నువ్వు చెప్పు."

"అత్తా, నాకు..."

"రమ్మంటున్నానా! నీ కుర్చీలో నేను కూర్చుంటా. నేను అందిస్తాలే."

నడిచి వెళ్ళాను. ఆమె నా పక్కనుంచి వెళుతూ భుజం తట్టింది. బల్ల వెనక నిలబడి కిందికి చూశాను. లోపలి అంచు మీద రెండు తడి అరచేతుల గుర్తులు. ఎక్కడా చెదరలేదు, జరగలేదు. పదివేళ్ళూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

ఆమె ఆగలేదు. మరిచిపోయింది.

తల ఎత్తి అత్త వైపు చూశాను. కుర్చీలో నిటారుగా కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువుల్లా. అందించడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ గుర్తుల మీద నా చేతులు ఆనించాను.

"ఊరికే తిరిగి వెళ్ళలేదు," అన్నాను.

"వినపడటం లేదమ్మా. కాస్త గట్టిగా."

"ఊరికే తిరిగి వెళ్ళలేదు!" ఈసారి మైకు కీచుమంది. బొమ్మల టీచరు ఉలిక్కిపడింది. ఆ తరవాత ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. మా హాల్లో తెర ఎలా లేస్తుందో చెప్పాను. ఫ్యాన్లు బాగుచేసే మనిషి కిరీటం పెట్టుకోగానే వీపు ఎలా నిటారవుతుందో చెప్పాను. అత్త మాటల్లో మిగిలినవి చెప్పాను.

"రేపు ఉంటుందా అని అడిగాను," అంది అధ్యక్షురాలు.

"ఉంటుందండీ. నేనుంటాను." నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

వాళ్ళు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. చివరికి అధ్యక్షురాలు సగం ఇస్తామంది, ఈ ఒక్క ఏడాదికి. "వచ్చేసారి మీరే రావాలి. పక్కనుంచి ఎవరూ అందించకూడదు."

కింద రోడ్డు మీద రాజుగారు ఎదురుచూస్తున్నాడు. సగం అని చెప్పగానే చెయ్యెత్తి, "అయితే స్టేజీ సగం మనది, కుర్చీల సగం టైర్లవాడిది! చూసేవాళ్ళు టైర్ల మీద కూర్చుంటార్లే," అని ఆటో కోసం పరిగెత్తాడు.

అత్త ఆ గాజు భవనం వైపు తిరిగి చీర సర్దుకుంది. "ఏమే, మనల్ని లోపలికి ఎప్పుడు పిలుస్తారు?"

బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

"అయిపోయిందత్తా. నువ్వు చాలా బాగా మాట్లాడావు."

"ఆగాల్సినచోట ఆగానా?"

"ఆగావు."

అత్త నా మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. నవ్వాను. ఆమె నమ్మింది. చున్నీ కింద నా చేతులు దాచుకుని, ఆటో వచ్చేదాకా అలాగే నవ్వుతూ నిలబడ్డాను.