దొర గరిక, నా కానగ చెట్టు

మా ఆయన కడపలో దొర బంగళా తోటలో ఇరవై రెండేండ్లు పనిచేశాడు. దొర ఓడెక్కి ఇంగ్లండు సీమకు వెళ్లిపోయాక, ఒక తడి గోతాం భుజాన వేసుకుని రైలు దిగి ఇంటికొచ్చాడు. ఆయన పేరు శాంతయ్య. ఎదురుగా ఉంటే ఆ పేరు నా నోట రాదుగానీ, కాగితం మీద రాస్తే తప్పేముంది? నాకు మిషన్ బడిలో అక్షరాలు నేర్పింది ఇందుకే అనుకుంటాను.

గోతాంలో ఏ పాత కోటో, పింగాణీ కప్పులో ఉంటాయని ఆశగా మూతి విప్పాను. గరిక! వేళ్లతో సహా, మట్టితో సహా, గోతాం నిండా గరిక.

"ఇన్నేండ్లు చాకిరీ చేసి నువ్వు తెచ్చింది ఇదా? మన రాజంపేట పక్క ఎవురి చేన్లో అడిగినా బండెడు ఇస్తారు గదయ్యా!" అన్నాను.

"ఇది ఆ గరిక గాదే. దీన్ని దొరలు లాన్ అంటారు. రోజూ కత్తిరిస్తే దుప్పటి పరిచినట్టుంటాది."

"దుప్పటి పెట్టెలో ఉండాది. కావాలంటే తీసి పరుస్తా."

గరిక సంగతి మా వైపు రైతును అడగాలి. ఎండాకాలమంతా చేలో మోకాళ్ల మీద కూర్చుని, గడ్డపారతో ఒక్కో వేరూ తవ్వి పారేస్తాం. ఒక్క కణుపు మిగిలినా వానకు మళ్లీ లేస్తుంది. అలాంటిదాన్ని ఈ మనిషి పిలిచి పీట వేశాడు. వాకిట్లో వరుసగా నాటాడు. స్నానం చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, చివరికి అన్నం తిని చేయి కడిగిన నీళ్లు కూడా దానికే.

అంతకుముందు ఆ నీళ్లన్నీ నా కానగ చెట్టువి. పెళ్లయిన ఏడే ఆయన కడపకు పోయాడు, ఆ ఏడే నేను గుంత తీసి కానగ మొక్క పెట్టాను. ఆయన నెలకొకసారి వచ్చి ఆదివారం ఉండి పోయేవాడు. మిగతా రోజులు నా సంసారం ఆ చెట్టుతోనే. కరువొచ్చిన ఏడాది మైలు దూరం నుంచి మోసుకొచ్చిన కడవలో ఒక చెంబు దానికి పోశాకే నేను గొంతు తడుపుకున్నాను. ఇప్పుడు సగం వాకిలి దాని నీడే. ఎండాకాలం మా బండల మిద్దె పెనంలా కాలుతుంటే, నేను చాప తీసుకుని చెట్టు కిందికి పోతాను.

చలి తగ్గేసరికి ఆయన గరిక ఎండ పడినంతమేర చక్కగా పాకింది. కానగ నీడ అంచుకు వచ్చి ఆగిపోయింది. ఆయన రోజూ ఆ అంచు దగ్గర గొంతుక్కూర్చుని చూసేవాడు. ఒక సాయంత్రం నెమ్మదిగా అన్నాడు.

"శనివారం సుంకన్నను గొడ్డలి తీస్కోని రమ్మన్యా. చెట్టు కొట్టిద్దాం. నీడలో గడ్డి రాదు."

మా కూతురు జ్ఞానమణి అప్పటికి కడుపుతో ఉంది. "జ్ఞానమణి పురుటికొస్తాండాది. నడి ఎండల్లో పుట్టే బిడ్డ. ఈ మిద్దెలో ఏసి ఉడకబెడతావా? ఉయ్యాల యాడ కట్టాల?"

"గడ్డి మీద పాకుతాడు లే."

"పుట్టిన దినమే పాకుతాడా నీ మనవడు?"

ఆయన నవ్వాడేగానీ మాట మార్చుకోలేదు. మెత్తటి మనిషి మొండికేస్తే కదిలించడం ఎవరి తరమూ కాదు. రెండు రోజులు నేను మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాను, పప్పులో ఉప్పు వేయకుండా. ఆయన ఉప్పు అడగకుండా తిన్నాడు.

బేస్తవారం సంతకు ఇద్దరం రాజంపేట పోయాం. తిరిగొచ్చేసరికి మా తమ్ముడు ఏసేపు కానగ కింద కూర్చుని తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్నాడు. రాయచోటి దగ్గర పల్లెలో వాడిది సేద్యం; మమ్మల్ని చూడటానికి బండి కట్టుకుని వచ్చాడు. ఎద్దులు చెట్టుకు కట్టేసి ఉన్నాయి. వాకిట్లో ఒక్క గడ్డిపోచ లేదు. నేలంతా ఎర్రగా తవ్వి చదును చేసి ఉంది.

"ఏందక్కా, ఇంటి ముందర ఇంత గరిక పట్టిచ్చుకున్యారు?" అన్నాడు వాడు పండ్లన్నీ బయటపెట్టి. "బావకు సేద్యం తెలీదు, నువ్వన్నా సూసుకోవద్దా? పొద్దున్నుంచి తవ్వినా. ఒక్క యేరు మిగల్చల్యా. కుప్పేసినా, ఎండినాక కాల్చేయండి."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మా ఆయన ముఖం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"శానా కష్టపడినావు ఏసేపూ," అన్నాడాయన. "రా, కాళ్లు కడుక్కో. అన్నం తిందాం."

వాడితో కలిసి తిన్నాడు. ఎద్దుల గురించి అడిగాడు. బండి వెంట రోడ్డు దాకా నడిచి సాగనంపాడు. తాను చేసిన పని ఏమిటో మా తమ్ముడికి ఈ రోజుకీ తెలియదు.

తర్వాత ఆయన కుప్ప పక్కన కూర్చుని ఒక్కో వేరూ తీసి మట్టి దులపసాగాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఏముందయ్యా దాంట్లో? ఎగతాళి గాదు, నిజంగానే అడుగుతాండా."

చేతిలోని వేరు దులుపుతూనే చెప్పాడు. "ఇరవై రెండేండ్లు దాన్ని కత్తిరించినా. దొర పిల్లోళ్లు దాని మీద దొర్లేది. దొరసాని కుక్క పండుకునేది. పనోళ్లం మాత్రం కూచోగూడదు. పని అయిపోతానే అంచుకు వచ్చేయాల. ఒక్క తూరన్నా నా వాకిట్లో, నా గడ్డి మీద, కాళ్లు చాపుకోని కూచుందామనుకున్యా. అంతే."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే దుప్పటి అని ఎగతాళి చేసేదాన్నా? ఆ క్షణాన ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, నా నోటి నుంచే ఆ మాట వచ్చింది.

"అయితే చెట్టు కొట్టెయ్."

ఆయన నన్ను చూశాడు, చెట్టును చూశాడు. "వద్దు లే. నేను లేనన్నాళ్లూ నీకు తోడుండిన చెట్టు."

ఇంటికి దక్షిణాన నేను మిరపకాయలు ఆరేసుకునే జాగా ఉంది. పొద్దంతా ఎండే. మిరపకాయలు మిద్దె మీద ఆరేసుకోవచ్చని చెప్పి, ఆయన్ను లేపి అక్కడికి తీసుకుపోయాను. పొద్దుగూకే దాకా ఇద్దరం వేళ్లు నాటాం. మరుసటి రోజు నేనే పోయి సుంకన్నను రావద్దని చెప్పొచ్చాను.

ఎండలకు ఆ వేళ్లు పసుపురంగుకు తిరిగాయి. చచ్చాయనే అనుకున్నాను. జ్ఞానమణి వచ్చింది, మనవడు పుట్టాడు, కానగ కొమ్మకు ఉయ్యాల కట్టాం. మృగశిర వానలు పడ్డాక గరిక లేచింది. జన్మలో మొదటిసారి గరికను చూసి సంతోషించాను. నెల తిరిగేసరికి నాలుగు చాపలంత మేర పచ్చగా పరుచుకుంది.

అయినా ఆయన కూర్చోలేదు. రోజూ కత్తెర పట్టుకుని కత్తిరించేవాడు, పని కాగానే అంచుకు వచ్చి నిలబడేవాడు. నాలుగు రోజులు ఓపిక పట్టాను. అయిదో సాయంత్రం నేనే పోయి నడిమధ్యన కాళ్లు బారజాపి కూర్చున్నాను.

"రా."

ఆయన రోడ్డు వైపు చూశాడు. "ఎవురన్నా సూస్తే?"

"సూడనీ. ఎవురు లేపుతారో వచ్చి లేపమను."

ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ వచ్చాడు. నా పక్కన కూర్చుని, మెల్లగా కాళ్లు చాపాడు. అరచేత్తో గడ్డిని నిమిరాడు. కాసేపటికి అటూ ఇటూ కదిలాడు.

"గుచ్చుకుంటాందే," అన్నాడు.

"లేస్తావా మరి?"

"లేయను."