ఆనపపువ్వు పెళ్లి

మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో తగువు మొదలవగానే తగువుపడేవాళ్లంతా వకుళ ఇంటి హాల్లోకి వచ్చి కూర్చుంటారు. అడ్మిన్ ఆవిడే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మనిషి వచ్చినప్పుడల్లా హాలు ఒక బారెడు సాగుతుంది. వకుళ చాపలు పరుస్తుంది, ఫ్యాను వేస్తుంది, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే గొడవ ముదురుతుందో చూసి సర్దుతుంది.

ఇవాళ్టి తగువు తాయారు ఆనపకాయ మీద. మొన్నమొన్న చేరిన మనిషి. పాత పెయింటు డబ్బాలో పాదు పెట్టి, చంటిపిల్లంత కాయ కాయించి ఫొటో పెట్టింది. వకుళ పాదుకీ పిందెలు పడుతున్నాయి, కానీ పసుపెక్కి రాలిపోతున్నాయి. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి ఆవిడకి కాఫీ కూడా సయించడం లేదు.

సాయంత్రం విచ్చుకున్న ఆడపువ్వుకి మగపువ్వు తెంచి అద్దడాన్ని ఈ గ్రూపులో పెళ్లి అంటారు. పెళ్లిపెద్ద వకుళ. వీడియో కాల్లో ఆవిడ "కానివ్వండమ్మా" అన్నాకే ఎవరైనా పువ్వు అద్దాలి. తాయారు అడగలేదు.

"పెద్దావిడకి చెప్పకుండా చేసిన పెళ్లి చెల్లుద్దా అండీ?" అంటూ భీమేశ్వరరావు గారు లేస్తారు. ఎరువుల విషయంలో తప్ప ఆయనెప్పుడూ వకుళ పక్షమే.

"చెల్లిందో లేదో నాకు తెలీదండి. నిన్న కూరొండేశాను, మెత్తగా ఉడికింది" అంటుంది తాయారు.

హాలంతా గొల్లున నవ్వుతుంది. ఫొటో నచ్చినవాళ్లు ఒక్కొక్కరే తమ బొటనవేలు ఊడదీసి తాయారు ఒళ్లో పెట్టి వస్తున్నారు. ఆవిడ కొంగు బరువెక్కుతోంది. భీమేశ్వరరావు గారు కూడా అటూ ఇటూ చూసి తన వేలు పెట్టేస్తారు. వకుళకి ఒళ్లు భగ్గుమంటుంది. ఇన్నేళ్లూ ఈ చాపలు పరిచింది ఎవరు?

"తీసేస్తున్నాను" అని చెప్పి తాయారుని గ్రూపులోంచి తీసేస్తుంది. చాప మీద మనిషి ఉండదు. అయినా జనం ఆ ఖాళీ చోటు చుట్టూనే మూగుతారు. హాలు అటువైపే సాగిపోతుంది. వకుళ పిలిస్తే, ఆ పిలుపు అందేసరికి వాళ్లు వేరే కబుర్లలో ఉంటారు.

ఆవిడ మేడ మీదికి వెళ్తుంది. గ్రూపులోంచి తీసేసినవాళ్లు అక్కడే ఉంటారు. కుండీల మధ్య పీట వేసుకుని, చేతిలో మగపువ్వు పట్టుకుని తాయారు కూర్చుని ఉంది.

"నా పాదుకి ఒక్క కాయ నిలబెట్టవూ" అంటుంది వకుళ. ఇంత నామోషీ ఆవిడ ఎన్నడూ పడలేదు. "నీకు నిలబడింది కదా, నాకెందుకు నిలబడదు?"

"పాదుది తప్పు కాదండి. మీరిలా రండి."

తాయారు ఆ పువ్వుని వకుళ మెడ పక్కన మెల్లగా అద్దుతుంది. చల్లగా ఉంది. భుజం మీద నూగుపిందె కడుతుంది, చూస్తుండగానే ఊరుతుంది. రాలదు. వకుళకి సంతోషంతో ఏడుపొస్తుంది.

కిందివాళ్లంతా మెట్లెక్కి వస్తారు. కాయ చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడతారు. "ఎంత బాగుందండీ! ఎవరిదండీ ఇది?"

"నాదేనండి" అంటుంది తాయారు.

నాది అని అరవడానికి వకుళ నోరు తెరుస్తుంది. నాలుక చివర్నుంచి లేత నులితీగ ఒకటి బయటికొస్తుంది. గాలిలో కాసేపు తడుముకుంటుంది. తాయారు మణికట్టు తగలగానే గట్టిగా చుట్టుకుంటుంది.