పెడన జింకలు

ఎన్నికలు వచ్చాయంటే దుర్గమ్మకు ప్రాణం హాయిగా ఉండేది. ఎవరు గెలిచినా ఆవిడకు ఒకటే. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సున్న తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయ్యేదాకా ఆవిడ సవతి ఇంట్లో ఉండదు.

సవతంటే మనిషి కాదు. పడకగదిలో బీరువా వెనక, తాళం వేసిన చెక్కపెట్టెలో పడుకుని ఉండే పటాలం తుపాకీ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వాళ్ళు తమకు అక్కర్లేని సరుకు వేలం వేస్తే, దుర్గమ్మ మామగారు సీతారామయ్య గారు బందరు వెళ్ళి పాడుకుని తెచ్చుకున్నారు. ఆయన పోయాక లైసెన్సు కొడుకు శోభనాద్రి పేరు మీదికి మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా శోభనాద్రి దాన్ని భార్య పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి స్టేషన్‌లో దింపి వచ్చేవాడు. వచ్చాక అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

"కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఆ మొహం ఏంటండీ?" అనేది దుర్గమ్మ.

"నీకేం తెలుసే! అక్కడ దాన్ని తుడిచి నూనె రాసే దిక్కుండదు."

"నేను నెల్లాళ్ళు గుడివాడలో మా చెల్లెలింట్లో ఉంటే ఒక్కనాడైనా ఇంత దిగులు పడ్డారా?"

"నువ్వు తుప్పు పట్టవుగా!"

ఇంతా చేసి ఆ తుపాకీతో శోభనాద్రి ఒక్క జింకనూ కొట్టలేదు. కొట్టింది వాళ్ళ నాన్న, అదీ వేట నేరం కాని రోజుల్లో, కృష్ణ పాయల మధ్య లంకల్లో. కొడుకు వెంట తిరిగి పని నేర్చుకునేసరికి జింకను ముట్టుకోకూడదని చట్టం వచ్చింది. చేతికి వేట దక్కలేదు గానీ నాన్న చెప్పిన నియమాలన్నీ నోటికి వచ్చేశాయి. వాటిని కాఫీ తాగుతూ, గడ్డం గీసుకుంటూ, ఎవరు వింటున్నా వినకపోయినా వల్లిస్తూనే ఉండేవాడు. నాలుగు కాళ్ళూ రెండు చెవులూ నీ కంటికి ఆనకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. దాని వెనక ఏముందో చూడకుండా పేల్చకు. పిల్లతో ఉన్నదాని జోలికి పోకు. దెబ్బ తిని పారిపోతే అది దొరికేదాకా ఇంటిమొహం చూడకు. ఇంటికొచ్చాక కంటితో చూసిందే చెప్పు, చూడనిది చెప్పకు.

"ముందు ఆ కన్నంటూ ఉండాలిగా!" అని గొణిగేది దుర్గమ్మ.

ఆవిడ బెంగంతా అక్కడే ఉంది. డెబ్బై దాటిన శోభనాద్రికి రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. మొన్న మసకచీకట్లో కాలవ గట్టు మీద పక్కపొలం లక్ష్మయ్య గేదె నిలబడి ఉంటే, ఆగి మరీ "ఏం లక్ష్మయ్యా, నీళ్ళు పెట్టావా?" అని పలకరించాడు. గేదె బదులు చెప్పలేదని ఇంటికొచ్చి అలిగాడు కూడా. ఆపరేషన్ చేయించుకోమంటే గుడివాడ నాగేశ్వరరావు కథ ఎత్తుకుంటాడు.

"వాడు చేయించుకోలా? కట్టు విప్పగానే వాళ్ళావిడ మొహం స్పష్టంగా కనపడిందిట. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మనకెందుకే ఈ వయసులో?"

ఈసారి ఓట్లు అయిపోయి, సవతి ఇంటికి తిరిగొచ్చింది. దాని వెనకే అడవిపందులు వచ్చాయి. లంకలో వేసిన కందనంతా మొదలంటా తవ్వి పోశాయి. లక్ష్మయ్య వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"బావా, ఊళ్ళో తుపాకీ ఉన్నది నీ ఒక్కడికే. అటవీశాఖ వాళ్ళను అడిగితే పందుల వరకూ పర్మిషన్ ఇస్తారంట. ఆ నియమాలేవో పందులకు చెప్పు. మాకు చెప్పి చెప్పి మా చెవులు పోయినయ్!"

శోభనాద్రి అప్పటికప్పుడు పదేళ్ళు చిన్నవాడైపోయాడు. దుర్గమ్మకు మాత్రం లంక కళ్ళ ముందు మెదిలింది. ఆ లంకలో పందులే కాదు, ఏటి అవతలి నుంచి వచ్చే జింకలున్నాయి. సాయంత్రం పూట వంగుని కలుపు తీసే లక్ష్మయ్యా ఉన్నాడు. ఈయన జింకను కొడితే జైలు. లక్ష్మయ్యను కొడితే ఇక ఆలోచించడానికేమీ లేదు.

ఆవిడ భయం ఈనాటిది కాదు. ఉప్పెన వచ్చిన ఏడు, పదహారేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, తమ్ముడు "వెళ్తున్నానక్కా" అని వాకిలి దాటాడు. ఆ తర్వాత ఆ వాకిలీ లేదు, తమ్ముడూ లేడు. అప్పటి నుంచి ఆవిడ గడప దాటే వాళ్ళెవరైనా "వెళ్ళొస్తా" అనాల్సిందే. పాలవాడైనా సరే. మర్చిపోతే వీధి చివరిదాకా వెంటపడి అనిపించుకుంటుంది. తుపాకీ పట్టుకుని లంకకు బయల్దేరే మనిషి చేత ఆ మాట ఎన్నిసార్లు అనిపిస్తే మాత్రం ఏం ధైర్యం?

అటవీశాఖ నుంచి సెక్షన్ ఆఫీసరు శ్రీవల్లి వచ్చింది. చిన్నపిల్ల, నవ్వుమొహం, కానీ మాట గట్టిది.

"బాబాయిగారూ, అనుమతి ఇచ్చేది పందులకే. చీకటిపడే వేళ పందికీ జింకకీ తేడా తెలుస్తుందని నాకు చూపించాలి. కాలవ కట్ట ముందు రెండు బొమ్మలు కట్టిద్దాం. ఒకటి పంది, ఒకటి జింక. పందినే కొట్టాలి. తూటా కట్ట మట్టిలోకి పోతుంది, జనమంతా తాడు వెనక ఉంటారు. సరేనా?"

"మా నాన్న నియమాల్లో రెండోది అదేనమ్మా! వెనక ఏముందో..." అంటూ మొదలుపెట్టాడు శోభనాద్రి.

బొమ్మల పని దుర్గమ్మ తీసుకుంది. ఆవిడ దగ్గర పెడనలో కొన్న కలంకారీ దుప్పట్ల జత ఉంది. ఒక్కో దుప్పటి మధ్యలో నిలువెత్తు జింక, చుట్టూ తీగలు. వాటిని చూపించి శ్రీవల్లిని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"అమ్మాయ్, రెండూ జింకలే కడదాం. ఆయనకు మాత్రం ఒకటి పందని చెబుదాం. కళ్ళున్న వాడైతే పేల్చడు."

"పేలిస్తే?"

"పేలిస్తే నీ పర్మిషన్ నీ దగ్గరే ఉంచుకో. నా మొగుణ్ణి నా దగ్గర ఉంచు."

శ్రీవల్లి పైకి నవ్వలేదు గానీ ఒప్పుకుంది.

మర్నాడు పరీక్ష అనగా, శోభనాద్రి వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"దుర్గా, ఆ బొమ్మలు కట్టేది నువ్వేగా?"

"నేనే."

"పంది కుడివైపు ఉంటే ఒకసారి దగ్గు. ఎడమవైపు ఉంటే రెండుసార్లు. ఎవరికీ తెలీదు."

"సిగ్గు లేదూ! నాలుగు కాళ్ళు, రెండు చెవులు, కంటితో చూసిందే చెప్పడం, అవన్నీ ఏమయ్యాయండీ?"

"అవి నిజం జింకలకే. దుప్పట్లకి ఎందుకు?" అన్నాడు కానీ ఆయన చూపు నేల మీదే ఉంది. తర్వాత మెల్లగా, "ఇది కూడా పోతే నాకింకేముందే? నాన్న ఇచ్చింది ఇదొక్కటే" అన్నాడు.

దుర్గమ్మ సరేనంది. ఒక్క దగ్గు దగ్గితే చాలు. ఆయన జింకను పేలుస్తాడు, పరీక్ష పోతుంది, లంకకు వెళ్ళడం తప్పుతుంది. ఇంతకంటే తేలికైన పని ఆవిడ జీవితంలో చేయలేదు.

మర్నాడు పొద్దు వాలే వేళకు ఊరంతా కాలవ దగ్గరే ఉంది. దుప్పట్లు రెండూ వెదురు బొంగులకు కట్టి ఉన్నాయి. ఎవరూ నోరు విప్పకూడదని శ్రీవల్లి ముందే హెచ్చరించింది. శోభనాద్రి తువ్వాలు మడిచి భుజం మీద పెట్టుకున్నాడు. అది తన్నే తుపాకీ. గుండుకు తగ్గట్టు వెనక్కి గుద్దుతుంది. ఖాళీ తుపాకీని అందరికీ చూపించి, గొట్టం నేల వైపు పెట్టి, అప్పుడు ఒక్క తూటా ఎక్కించాడు. ఆ మాత్రం చూసేసరికే జనంలో మర్యాద పెరిగింది.

తుపాకీ భుజానికెత్తి ఆగాడు. చెవి కొద్దిగా దుర్గమ్మ వైపు తిప్పాడు.

దుర్గమ్మ దగ్గబోయింది. రాలేదు. ఆయన మెడ మీద చెమట కనిపించింది. తను దగ్గుతుందని అంత నమ్మకంతో చెవి ఒగ్గి నిలబడిన మనిషిని ఊరందరి ముందూ ఎలా పడగొట్టడం? నోరు తెరిచింది, మూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడే, ఊపిరి బిగబట్టి చూస్తున్న లక్ష్మయ్యకు నోట్లో ఉన్న వక్కపొడి అడ్డం పడింది. ఖళ్ళు, ఖళ్ళు, ఖళ్ళుమని మూడుసార్లు దగ్గాడు.

మూడు దగ్గుల సంగతి ఒప్పందంలో లేదు. శోభనాద్రి ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, ఆగాడు. కాసేపటికి తుపాకీ కిందికి దించేశాడు. తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

శ్రీవల్లి చప్పట్లు కొట్టింది. "భలే బాబాయిగారూ! రెండూ జింకలే అని కనిపెట్టేశారే! మీరు పాస్!"

జనం ఈలలు వేశారు. "మా బావ కన్నంటే డేగ కన్ను! ఇవాళే లంకకు పోదాం" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు లక్ష్మయ్య. దుర్గమ్మ మాత్రం గట్టు మీద కూలబడిపోయింది. తను పన్నిన వల ఆయన్ను ఆపకపోగా ఏకంగా లంక దాకా సాగనంపేట్టు ఉంది. నిజం చెప్పాలని లేచింది. చెబితే పోయేది ఆయన పరువు. మళ్ళీ కూర్చుంది.

శోభనాద్రి జనం వైపు చూశాడు. ఆ మసకలో ఎవరు ఎవరో తెలియకపోయినా, గట్టు మీద ముడుచుకుని ఉన్న ముద్ద తన భార్యేనని మాత్రం తెలిసింది. తుపాకీ శ్రీవల్లి చేతికిచ్చి దుప్పట్ల దాకా నడిచి వెళ్ళాడు. మొదటి దుప్పటికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. వేలితో కాళ్ళు లెక్కపెట్టాడు, చెవులు తడిమాడు.

"ఓర్నీ, ఇది జింకా!" అన్నాడు అందరికీ వినపడేలా. రెండో దానికీ అంతే చేశాడు. "ఇదీ జింకే! మా దుర్గ రెండూ జింకల్నే కట్టిందే!"

 లక్ష్మయ్య మొదలుపెట్టిన నవ్వు కట్ట పొడుగునా పాకింది. "అయితే నా గేదెను పలకరించింది నిజమేనా బావా!"

"నిజమే. నీకన్నా మర్యాదగా నిలబడింది" అన్నాడు శోభనాద్రి. శ్రీవల్లి వైపు తిరిగి, "కంటితో చూసిందే చెప్పాలి తల్లీ. ఇందాక నేనేం చూడలేదు, అందుకే పేల్చలేదు. కళ్ళు బాగుచేయించుకుని వస్తా" అన్నాడు.

"రండి. అప్పటిదాకా మీ కాగితం నా దగ్గరే ఉంటుంది" అంటూ తుపాకీ తిరిగి ఆయన చేతికిచ్చింది శ్రీవల్లి.

ఇంటికి నడుస్తుంటే ఆయన అడిగాడు. "పంది బొమ్మ కట్టమంటే జింకను ఎందుకు కట్టావే?"

"పెడనలో పందుల్ని అచ్చు వెయ్యరండీ!"

"మరి దగ్గలేదేం?"

దుర్గమ్మ పెట్టె తాళంచెవి కావాలని చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఆపరేషన్ బందరులో. లోపలికి తీసుకెళ్తుంటే ఆయన ఏమీ అనలేదు. నర్సు తలుపు వేయబోతుంటే దుర్గమ్మ పరుగున వెళ్ళి అడ్డం నిలబడింది. "అనండి!" నర్సుకు అర్థం కాలేదు. శోభనాద్రికి అయింది. "వెళ్ళొస్తానే" అన్నాడు, ముక్కు మీద గుడ్డ ఉంచుకునే.

మర్నాడు కట్టు విప్పారు. డాక్టరమ్మ ఎదురుగా గోడ మీద అక్షరాలు చదవమంది. ఆయన గోడ వైపు చూడలేదు, పక్కనున్న దుర్గమ్మ వైపు తిరిగి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడకు గుడివాడ నాగేశ్వరరావు గుర్తొచ్చాడు. నెరిసిన జుట్టు సర్దుకుంది, మానింది, మళ్ళీ సర్దుకుంది.

"ఏం కనిపించిందేంటి? ఇక మాట్లాడరా నాతో?"

"చెప్పలా!" అన్నాడు శోభనాద్రి. "నువ్వు తుప్పు పట్టవని."

దుర్గమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తాళంచెవి వచ్చి ముక్కుకు తగిలింది.

"ఈ పొగడ్తలన్నీ దీనికోసమే" అని దాన్ని మళ్ళీ గట్టిగా ముడేసింది. "రెండో కన్ను కూడా అయ్యాక అడగండి. ఈలోపు నేను పెడన వెళ్ళి, పంది అచ్చు ఎవరైనా చెక్కుతారేమో కనుక్కోవాలి."