భుజం మీది చెయ్యి

నేను మొండివాణ్నని పవర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పుకోనీండి. రెండువేల ఏడులో దొంగ సాఫ్ట్‌వేర్ వాడే షాపుల మీద దాడులు జరుగుతున్నాయని పుకారు లేస్తే, ఏలూరులో డీటీపీ షాపులన్నీ రెండ్రోజులు షట్టర్లు దించేశాయి. మూడో రోజు అందరూ మళ్లీ ఆ దొంగ సీడీలే వేసుకున్నారు. నేను మాత్రం నా షాపులో విండోస్‌కి బదులు పోస్టులో ఉచితంగా వచ్చిన లైనక్స్ సీడీ పెట్టాను. కొనే స్తోమత లేదు, దొంగిలించే ఖర్మా లేదు, ఇదొకటి ఉందిగా అనుకున్నాను.

అంతే, వీధిలో వెలేసినట్టయింది. మా షాపులవాళ్లం ఒకరు టైపు చేసిన ఫైలు ఇంకొకరి దగ్గర ప్రింటు తీసుకుంటూ బతికేవాళ్లం. ఇప్పుడు నా ఫైళ్లు వాళ్ల దగ్గర తెరుచుకోవు, వాళ్లవి నా దగ్గర పిచ్చిగీతలుగా వస్తాయి. కొల్లేరు చేపల చెరువుల వాళ్ల బిల్లుపుస్తకాలు తప్ప పనే లేదు. ఫైళ్లతో పాటు మనుషులూ రావడం మానేశారు.

ఒక్క నరసింహమూర్తిగారు వచ్చేవారు. రిటైరైన తెలుగు మాస్టారు. ఐదేళ్లుగా రోజూ మూడింటికి వచ్చి, నా శుభలేఖలన్నీ ఎర్రపెన్నుతో దిద్ది, టీ తాగి వెళ్లేవారు. ఆయన రాసుకున్న పద్యాలు నూటపది నా పాత సిస్టంలో టైపు చేయించుకున్నారు. కొత్తదాంట్లో అవి తెరిస్తే ఒక్క అక్షరమూ తెలుగులా లేదు.

"అయ్యో, ఇదేంటండీ ఇనాయతుల్లాగారూ! పోనీ నా పద్యాల కోసమైనా ఆ పాతది పెట్టండీ," అన్నారు.

పొద్దుటి నుంచి ఒక్క బేరం లేదు. ఒళ్లు మండిపోయింది. "అవి చదివేవాళ్లెవరు లెండి మూర్తిగారూ!" అనేశాను.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. మర్నాడు మూడింటికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వెళ్లి తప్పయిందని చెబితే పోయేది. వట్టి చేతులతో వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆయన దిద్దిన ఆ పద్యాల పాత ప్రూఫు కాగితాలు బీరువాలో ఉన్నాయి. కొత్త కీబోర్డు నేర్చుకుని, లైనక్స్‌లో ఆ పద్యాలన్నీ మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. పుస్తకంగా కుట్టి ఆయన చేతిలో పెట్టాలని. చదివేవాళ్లెవరు అన్నవాణ్ని నేనే, ఒక్కో పద్యం రెండేసిసార్లు చదివాను. మూడింటికి అలవాటుగా రెండు టీలు చెప్పి, రెండూ నేనే తాగేవాణ్ని. తొంభై తొమ్మిది అయ్యాయి. పదకొండు మిగిలాయి.

అప్పుడు ఓ అమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మా నాన్నగారి వైకుంఠ సమారాధన కార్డు వేయించాలండీ. నాలుగు షాపులు తిరిగాను. వైరస్ పట్టింది, ఇందులో ఏమీ కనపడట్లేదంటున్నారు. మీ సిస్టంకి వైరస్ పట్టదటగా?"

దాగిపోయిన ఫోల్డర్లన్నీ నా లైనక్స్‌లో చక్కగా కనిపించాయి. గర్వంగానే ఫొటో తెరిచాను. మూర్తిగారు.

ఆయన పోయి వారమైందట. వీధిలో ఒక్కడూ నాకు చెప్పలేదు. అమ్మాయి పేరు సంహిత. తాడేపల్లిగూడెం హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి నన్నెరగదు.

ఆ ఫొటో నా షాపులోదే. పుకారుకి ముందు, ఆ ఏడు ఉగాదికి, పక్క స్టూడియో ఈశ్వరప్రసాద్ కొత్త కెమెరా కొని మా ఇద్దరికీ కలిపి తీశాడు. అందులోంచి నన్ను కత్తిరించేశారు. ఆయన భుజం మీద నా చెయ్యి మాత్రం మిగిలింది, ఎర్రరాయి ఉంగరంతో సహా.

"నాన్నగారి పెన్నుల పెట్టెలో ఉందటండీ. అమ్మ ఆయన వరకే కత్తిరించి స్కాన్ చేయించి ఇచ్చింది. కార్డు మీద ఆయనొక్కరే ఉండాలి కదండీ, ఆ చెయ్యి తీసేస్తారా?"

"అలాగేనమ్మా."

ఉంగరమున్న చెయ్యి బల్ల కిందకి దించుకుని, రెండో చేత్తో చెరపడం మొదలుపెట్టాను. ముందు వేళ్ల కొసలు పోయాయి.

"ఎవరిదో పాపం," అంది సంహిత. "ఈ మధ్య నాన్నగారు ఎక్కడికీ వెళ్లేవారు కాదటండీ. మూడయ్యేసరికి మాత్రం చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేవారట. ఎవరో వస్తారన్నట్టు వీధిలోకి చూస్తూ. అమ్మకీ అర్థం కాలేదట."

పదకొండు పద్యాలు. అవి లేకుండానే వెళ్లి ఉండాల్సింది. వట్టి చేతులతోనైనా వెళ్లి ఉండాల్సింది.

చెరపడం ఆపలేదు. ఆపితే ఆ పిల్ల ముందు ఏడ్చేస్తానని తెలుసు. ఉంగరం కూడా చెరిపేసి, ఆయన చొక్కా రంగు దాని మీద దిద్దాను.