బోయిగూడలో ఐటీ రైడ్

కన్నబాబుకి దేవుడంటే భక్తి లేదని ఎవరూ అనలేరు గానీ, రోలర్ కోస్టర్ అంటే ఉన్నంత భక్తి మాత్రం లేదు. చిన్నప్పుడు అనకాపల్లి నూకాలమ్మ జాతరలో రంగులరాట్నం ఎక్కి, దిగనంటే దిగనని ఏడ్చి, వాళ్ళమ్మ నూకరత్నం చేత వీపు మీద రెండు వేయించుకున్నాడు. పిచ్చి ఆ రోజే పట్టుకుంది. పెద్దయ్యాక తగ్గుతుందిలే అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. పెద్దయి, సికింద్రాబాద్ వచ్చి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకుని, మెట్టుగూడలో గది తీసుకున్నాక ఆ పిచ్చికి జీతం కూడా తోడైంది.

తోటివాళ్ళంతా సెలవు పెట్టి తిరుపతి వెళ్తే ఇతను మద్రాసులో సముద్రం ఒడ్డున ఉన్న పార్కుకు వెళ్ళాడు. తర్వాత బెంగళూరు, బొంబాయి. కంపెనీ వాళ్ళు పనిమీద సింగపూర్ పంపిస్తే, శనాదివారాలు రెండూ అక్కడి పార్కులోనే గడిపి సోమవారం ఆఫీసులో కుర్చీ పట్టుకుని నడిచాడు. ఆ మరుసటి ఏడు ఫ్లోరిడా పంపించారు. ఇంక చూడండి మనవాడి సంబరం! తిరిగొచ్చాక, గదిలో తనతో పాటు ఉండే బాబ్జీ ఆశగా పెట్టె చుట్టూ తిరిగి "ఏటి తెచ్చావురా?" అని అడిగాడు. కన్నబాబు పెట్టె తెరిచి ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ తనే, తలకిందులుగా వేలాడుతూ, కొండనాలుక కనపడేలా నోరు తెరిచి అరుస్తూ.

"ఒక్క సెంటు సీసా అయినా తేలేదేట్రా?" అన్నాడు బాబ్జీ దీనంగా.

ఇలాంటి మనిషిని ఏ ఆడపిల్ల భరిస్తుందని మీరు అడగొచ్చు. అనుపమ భరించింది. ఆమెదీ అదే ఆఫీసు, ఇల్లు బోయిగూడలో. ఒకరోజు ఆఫీసు బస్సులో, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి హైటెక్ సిటీ దాకా ఫ్లోరిడా పురాణం మొత్తం వినిపించాడు కన్నబాబు. ఆమె నిద్రపోలేదు. పైగా దిగేటప్పుడు "ఆ ఆఖరి మలుపుల ఏమైందో చెప్పనే లేదు?" అంది. అంతే, కన్నబాబు గుండె జారి ఎక్కడో పడిపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఇద్దరూ పెళ్ళి మాట దాకా వచ్చేశారు.

అడ్డల్లా ఒక్కటే. అనుపమ నాన్న సదాశివకి బోయిగూడలో టింబర్ డిపో, దాని వెనకే ఇల్లూ ఉన్నాయి. తాతల నాటి నుంచి ఆ వీధిలోనే కలప వ్యాపారం. రాణిగంజ్‌లో ఇనుము వ్యాపారి కొడుకు సంబంధం ఒకటి ఆయన దాదాపు ఖాయం చేసేశాడు. "ఈ వారంల నువ్వొచ్చి నాయనతోని మాట్లాడకపోతే వాళ్ళకు మాటిచ్చేస్తడు" అంది అనుపమ. కన్నబాబుకి అన్నం సహించలేదు.

అనుపమ ఇంట్లో అమ్మకి చెప్పింది. ఆ తల్లి, శ్యామలమ్మ, భర్త భోజనానికి కూర్చున్నప్పుడు మెల్లగా కదిపింది.

"పిల్లగాడు ఐటీల చేస్తడట. ఆదివారం వస్తే చాలు, రైడ్‌లకు పోతడట. ఫారిన్ సుత పోయి రైడ్‌లు చేసొచ్చిండట."

సదాశివ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పాపం, ఆయన తప్పేం లేదు. ఊరికి ఆ చివరన గాజు మేడల్లో ఐటీ అంటే కంప్యూటర్లు కావచ్చు గానీ, బోయిగూడ టింబర్ డిపోల్లో ఐటీ అంటే ఇన్‌కమ్ ట్యాక్స్. ఇక రైడ్ అంటే, ఆ డిపార్ట్‌మెంటు వాళ్ళు తెల్లవారేసరికి తెల్ల కార్లలో దిగి, బీరువాలూ పరుపులూ దేవుడి గదీ అన్నీ తిరగేసి పోవడం. పార్కుల్లో ఊగడాన్నీ తిరగడాన్నీ కూడా రైడ్ అంటారని ఆయనకి చెప్పిన నాథుడు లేడు. ఇంగ్లీషు వాళ్ళకి అవి రెండు వేరువేరు మాటలట. మన నోట్లో పడ్డాక రెండూ ఒకటే.

"ఆదివారం సుత చేస్తడా?" అన్నాడు సదాశివ నీళ్ళు తాగి.

"ప్రాణమట" అంది శ్యామలమ్మ.

శనివారం సాయంత్రం కన్నబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోయిగూడ వెళ్ళాడు. ఆంధ్రావాడివని గేటు దగ్గరే తిట్టి పంపేస్తారేమోనని అతని భయం. తీరా చూస్తే సదాశివే గేటు దాకా ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. ఫ్యాన్ కింద కుర్చీ వేయించాడు. ఒక పళ్ళెంలో సమోసాలు, ఇంకో పళ్ళెంలో ఉస్మానియా బిస్కెట్లు, మూడోదాంట్లో జీడిపప్పు. "తీస్కోండి సార్" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బోయిగూడలో ఇంత మర్యాద ఉందని తెలీక ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డానని కన్నబాబు మురిసిపోయాడు.

"సార్ పని ఏముంటది?" అడిగాడు సదాశివ.

"టెస్టింగ్ అండి. ఇంకొకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టుకోవడమే నా పని. ఎంత లోపల దాగున్నా లాగేస్తానండి. దొరకగానే రిపోర్టు రాసి పైకి పంపించేస్తాను."

సదాశివ భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రైడ్‌లు సుత మస్తు చేసిండ్రంట?"

ఆ మాట చెవిన పడగానే కన్నబాబు భయం, బిడియం ఎగిరిపోయాయి. పిల్లనడగడానికి వచ్చినవాడు ఆ సంగతే మర్చిపోయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"లెక్కే లేదంకుల్! ఒక్క ఫ్లోరిడాలోనే చూడండి, ముందు గేటు దగ్గర సంచులన్నీ వెతుకుతారు. తర్వాత జేబుల్లో ఏమున్నా తీసి పక్కన పెట్టించేస్తారు. ఆడవాళ్ళ గాజులు, గొలుసులు, అన్నీ తీసేయాల్సిందే."

"అయ్యో. చిన్నపిల్లలుంటే?"

"పొట్టివాళ్ళని వదిలేస్తారండి. గుండె జబ్బున్న వాళ్ళని కూడా."

"నాకు గుండె జబ్బున్నది సార్" అన్నాడు సదాశివ వెంటనే. గుమ్మం పక్కన నిలబడ్డ శ్యామలమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఆమెకి ఇన్నేళ్ళలో ఆ సంగతి తెలీదు.

"కొందరికి కళ్ళు తిరుగుతాయి, కొందరు ఏడుస్తారు, కొందరైతే అక్కడే కక్కేస్తారు" అని కన్నబాబు ఆనందంగా చెప్పుకుపోతున్నాడు. "నన్నడిగితే ఇనపవాటికన్నా కర్రవే గొప్పండి. అమెరికాలో మొత్తం కర్రతో కట్టినవి ఉంటాయి. ఆ కర్ర కిర్రుకిర్రుమంటుంటే వచ్చే మజా ఇనుములో లేదండి. కర్ర రైడంటే నాకు చెవి కోసుకున్నంత ఇష్టం. మీ డిపోలోకి అడుగుపెట్టి ఆ టేకు వాసన చూడగానే నాకు అదే గుర్తొచ్చింది!"

సదాశివకి ముచ్చెమటలు పట్టాయి. ఇనుము వాళ్ళని వదిలేసి కర్ర వాళ్ళ మీద పడే ఐటీ మనిషి! వద్దంటే రేపే వచ్చి పడతాడు. సరేనంటే పండగ పండగకీ ఇంట్లోనే దిగి బీరువా పక్కన మంచం వేసుకుంటాడు. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "జెర సోచాయించి చెప్త సార్" అన్నాడు.

కన్నబాబు ముఖం చిన్నబోయింది. ఇంత మర్యాద చేసి కూడా పిల్లనిస్తాననలేదంటే, మనిషికి తన మీద ఇంకా గురి కుదరలేదన్నమాట. గురి కుదర్చడానికి అతనికి తెలిసిన ఉపాయం ఒక్కటే.

"అయితే ఒక పని చేద్దాం అంకుల్. రేపు ఆదివారం పొద్దున్నే వస్తాను. మీ ఇంటిల్లిపాదికీ రైడ్. ఖర్చంతా నాదే. మీరేం సర్దుకోకండి, ఉన్నవాళ్ళు ఉన్నట్టు ఉండండి, చాలు."

అనుపమ లోపల్నుంచి విని సంతోషంతో చప్పట్లు కొట్టింది. కన్నకూతురే చప్పట్లు కొట్టడం విని సదాశివ మళ్ళీ తువ్వాలు అందుకున్నాడు.

ఆ రాత్రి సదాశివ ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. శ్యామలమ్మ నగల డబ్బా బియ్యం డబ్బాలోకి పోయింది, అక్కణ్ణుంచి నీళ్ళ ట్యాంకులోకి పోబోయి ఆగి, చివరికి రంపపు పొట్టు గుట్ట అడుక్కి చేరింది. ఊరుకోలేక పక్క డిపో ఓంప్రకాశ్ చెవిలో కూడా ఒక ముక్క ఊదాడు. ఓంప్రకాశ్ ఇంకో నలుగురికి ఊదాడు.

పొద్దున్నే కన్నబాబు బాబ్జీని వెంటేసుకుని అద్దె సుమోలో దిగాడు. తెల్ల సుమో. ఆ బండి వీధి మలుపు తిరిగిందో లేదో డిపోల షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దడదడా పడిపోయాయి. టీ బండివాడు కూడా స్టవ్ ఆర్పి పరుగెత్తాడు.

"ఈ వీధిలో ఆదివారం సెలవు ఎంత బాగా పాటిస్తారో చూశావురా?" అన్నాడు కన్నబాబు.

సదాశివ బలికి వెళ్ళే మేకలా సుమో ఎక్కాడు. కొంపల్లి దాటి, కొత్తగా పెట్టిన పార్కు ముందు బండి ఆగింది. రంగు జెండాలు, బుడగలు, పీచుమిఠాయి. ఆయన ఒక్క క్షణం తేరుకున్నాడు. ఆ వెంటనే అసలు సంగతి బోధపడిందనుకుని భార్య చెవిలో గొణిగాడు. "సమజైందా? మనల్ని ఈడ కూసోబెట్టి, ఆడ మనింటిని సోదా చేయిస్తున్నడు!"

"మీకేమన్న పిచ్చా?" అంది శ్యామలమ్మ. ఆవిడ చూపంతా పీచుమిఠాయి మీద ఉంది.

గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న మనిషి ఆయన సంచి వెతికాడు. రోలర్ కోస్టర్ దగ్గర ఇంకొకడు జేబులు ఖాళీ చేయమన్నాడు. కన్నబాబు చెప్పినవన్నీ పొల్లు పోకుండా జరుగుతున్నాయి. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఒళ్ళోకి ఇనపకడ్డీ దించి బిగించారు. పక్కన కన్నబాబు, వెనక శ్యామలమ్మా అనుపమా. బాబ్జీ మాత్రం కింద సంచులు కాస్తానన్నాడు.

బండి కటకటమంటూ పైకి పాకడం మొదలుపెట్టింది. సదాశివ కళ్ళు గట్టిగా మూసుకుని "అయిపోయిందా సార్?" అన్నాడు.

"ఎక్కడండి, అసలు రైడ్ పైకెళ్ళాక మొదలవుతుంది."

కొసకు చేరి బండి ఒక్కసారి ఆగింది. కింద మనుషులు చీమలంత ఉన్నారు. కన్నబాబు భక్తి పొంగిపొర్లింది. "ఇదే అంకుల్ రైడంటే! చేతులు పైకెత్తండి!" అని అరిచాడు.

సదాశివ చేతులు రెండూ ఠక్కున లేచాయి.

"లోపల దాచుకోకండి! ఉన్నదంతా బయటకి రానివ్వండి! గట్టిగా!"

"చెప్త సార్, అన్ని చెప్త!" అని గొంతు చించుకున్నాడు సదాశివ. "ఏ.ఎస్. రావు నగర్‌ల ప్లాటున్నది! మా తమ్ముని పేరు మీద తీస్కున్న! మెట్టుగూడల రెండు దుకాణాలు కిరాయికిచ్చిన! ఇంటిదాని గాజులు రైల్ల పోలేదు సార్, మా అక్కకిచ్చిన! అక్కకిచ్చినాఆఆ..."

ఆ 'ఆ' పూర్తయ్యేలోపు బండి కిందకి దూకింది. మలుపు తిరిగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. అందరి నోళ్ళూ అరుస్తూనే ఉన్నాయి, ఒక్క శ్యామలమ్మ నోరు తప్ప. రంపపు పొట్టుకి దగ్గొచ్చి చస్తున్నాను, ఏ.ఎస్. రావు నగర్‌లో మా చెల్లెలి ఇంటి దగ్గర చిన్న ఇల్లు కట్టుకుందామని ఆవిడ పెళ్ళయిన నాటి నుంచి పోరుతోంది. మనకాడ పైసలేడున్నయే అని ఆయనది నాటి నుంచీ ఒకటే జవాబు. ఇక ఆ గాజులు ఆవిడ పుట్టింటివారు పెట్టినవి. రైల్లో పోయాయని ఆయన చెబితే నమ్మి, ఏడ్చి జ్వరం తెచ్చుకుంది.

బండి ఆగింది. సదాశివ కడ్డీ పట్టుకుని దిగి, కన్నబాబు ముందు చేతులు కట్టుకున్నాడు. "రాస్కోండి సార్. ఇంతకన్న ఏం లేదు."

"ఏం రాసుకోవాలండి?" అన్నాడు కన్నబాబు బిక్కమొహంతో.

అనుపమకి మొదటిసారి అనుమానం తగిలింది. ఒకటి రెండు ప్రశ్నలు వేసి, సంగతి తెలిసి, అక్కడే గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "నాయనా! ఐటీ అంటే కంప్యూటర్లు! రైడంటే ఇగో, ఇదే!"

సదాశివ ముఖం తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఒంటికాలి మీద లేచాడు. "అంటే నువ్వు ఆఫీసర్‌వి కాదా? ఉయ్యాలలూగేటోనివా? గీని కోసమా నేను రాత్రంత పరేషాన్ అయింది? పిల్లనియ్య! రేపే రాణిగంజ్‌కు మాటిస్త!"

ప్రపంచంలో ఏ రోలర్ కోస్టరూ కన్నబాబుని అంత కిందకి పడేయలేదు. అనుపమ నవ్వు కూడా ఆగిపోయింది. "అంకుల్, నేనెప్పుడూ..." అని ఏదో చెప్పబోయాడు.

"జెర ఆగు" అంది శ్యామలమ్మ.

ఆవిడ తాపీగా చీర సర్దుకుని ముందుకొచ్చింది. "ముప్పై ఏండ్ల కాపురంల నేను రాబట్టలేని ముచ్చట్లు ఈ పిల్లగాడు ఒక్క చక్కర్ల రాబట్టిండు. ఇసోంటి అల్లుడు నాకు మళ్ళ దొరకడు. పిల్లను నేనిస్తున్న. రాణిగంజ్‌కు పోతవో, మీ అక్క ఇంటికి పోతవో నీ ఇష్టం."

సదాశివ అక్క పేరు వినగానే తల వంచుకున్నాడు. కన్నబాబు ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతూనే ఉన్నాడు.

శ్యామలమ్మ అతన్ని లేపి, పార్కంతా ఒకసారి కలయజూసింది. "బిడ్డా, దీనికన్న పెద్దది ఉన్నదా ఈడ?"

"ఉందండి అత్తయ్యగారూ. అదిగో, అదైతే తలకిందులు చేసి కాసేపు అలాగే ఆపేస్తుంది."

ఆవిడ భర్త మోచేయి గట్టిగా పట్టుకుంది.

"ఈయనను గదెక్కియ్యి. నేను పక్కన కూసుంట."