ఒంటికన్ను తల్లులు

నేను ఒక చిన్న కత్తెరను. మొన్న ఆదివారం నా మూలంగా కాకినాడలో ఒక ఇంట్లో గిన్నెడు చారు పారబోశారు.

ఆ ఇంటి అమ్మాయి నీరజ బల్ల మీద కనబడ్డ నన్ను తీసుకుని కొత్తిమీర కత్తిరించింది. అది చూసి ఆమె తండ్రి సోమేశ్వరరావు గారు గరిటె కింద పెట్టేశారు.

"రొయ్యల కళ్ళు కోసే కత్తెరతోనా నా చారులో కొత్తిమీర?"

"మరగబెట్టి తెచ్చానండీ. మీ మీసాల కత్తెర కంటే శుభ్రంగా ఉంది," అంది ఆయన భార్య అనసూయ.

"నిన్న ఇగురులో తలకాయలు చప్పరించారుగా నాన్నా. వాటికి కళ్ళు లేవా?" అంది నీరజ.

"అవి ఉడికినవి," అన్నారాయన. చారు మాత్రం ముట్టలేదు. తినేటప్పుడు రాని అసహ్యం పనిముట్టును చూస్తే వస్తుంది మనుషులకు.

నిజానికి నన్ను తయారుచేసింది కంటి ఆపరేషన్ల కోసం. సానపట్టిన ముసలాయన నా మొనలను వెలుతురుకెత్తి చూసి, ఎవరికో చూపు వస్తుందనుకుని తృప్తిపడ్డాడు. నేను మాత్రం ఒక రొయ్యల పరిశోధన కేంద్రం స్టోరుకు చేరాను. అక్కడి పెద్ద సైంటిస్టు ఒకాయన నన్ను కొన్నాళ్ళు వాడి, చేయి వణకడం మొదలయ్యాక తన శిష్యురాలు అనసూయకు అప్పగించాడు.

మా పని చెబుతాను. సముద్రం నుంచి తెచ్చిన తల్లి రొయ్య తొట్టెలో గుడ్లు పెట్టదు. ఇప్పుడు వద్దని దాని ఒంటికి చెప్పేదేదో కంటి కాడలో ఉంటుంది. ఒక కన్నును కాడతో సహా కోసేస్తే కొద్ది రోజుల్లోనే గుడ్లు తయారవుతాయి. రెండో కన్ను వదిలేది దయతో కాదు. రెండూ పోతే అది గుడ్లు పెట్టేదాకా బతకదు.

అనసూయ చేతిలో రొయ్యలు చచ్చేవి కావు. ఆ చెయ్యి చూసి నేర్చుకోవడానికి తీరం పొడవునా రొయ్యపిల్లలను పుట్టించి అమ్మే హేచరీల వాళ్ళు వచ్చేవారు. 'కత్తెర మేడం' అని పేరు పెట్టారు. ఆమెకు ఆ పేరు నచ్చలేదు. నచ్చలేదని ఎవరికీ చెప్పనూ లేదు.

వెనక షెడ్డులో ఒక తొట్టె పెట్టించుకుంది. అందులోని రొయ్యలకు రెండు కళ్ళూ ఉండేవి. మసక వెలుతురు, సముద్రపు పురుగుల మేత, దగ్గర్లో అడుగుల చప్పుడు కూడా వినబడకూడదు. ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదు. చివరికి ఒక రెండు కళ్ళ తల్లి గుడ్లు పెట్టింది. గుడ్లు తక్కువే, పిల్లలు మాత్రం గట్టివి. నాకు పని లేకుండా చేయడమే ఆమె ఆశయమని అప్పుడర్థమైంది. నాకేమీ కోపం రాలేదు.

మీటింగులో ఆ సంగతి చెబితే డైరెక్టరు గారు, "బాగుందమ్మా. కానీ రొయ్యమ్మకు మనసయ్యేదాకా హేచరీ వాళ్ళు కాచుక్కూర్చుంటారా?" అన్నారు. అందరూ నవ్వారు. అనసూయ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను ఆమె కోటు జేబులోంచి విన్నాను.

ఈ నెలాఖరుకు ఆమె రిటైరవుతోంది. సన్మానంలో శాలువా కప్పి, వేల రొయ్యలను తల్లులను చేసిన చెయ్యి అన్నారు. తొట్టె మాట ఒక్కరూ ఎత్తలేదు. దాని మీద పరిశోధనకు ఎవరైనా విద్యార్థి చేరితేనే ఉంచుతారట. లేకపోతే నీళ్ళు తీసేసి రొయ్యలను అమ్మేస్తారు. చేరేవాళ్ళు ఎవరూ దొరకలేదు. నీరజ చదివిందీ అదే సబ్జెక్టు. అనసూయ కూతుర్నే అడిగింది. ఆలోచించి చెబుతానంది నీరజ.

నిన్న మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పింది.

"అమ్మా, నేను హేచరీలో చేరుతున్నాను. తల్లి రొయ్యల సెక్షను నాకే ఇచ్చారు. సోమవారం రమ్మన్నారు."

"మరి తొట్టె?"

"నా చిన్నప్పట్నుంచీ ఆ తొట్టె దగ్గర చప్పుడు చెయ్యకు, చప్పుడు చెయ్యకు అంటూనే ఉన్నావు. ఎవరికి వినబడిందమ్మా నువ్వు చేసింది? హేచరీలో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కత్తెర మేడం గారమ్మాయంటే ఇంక చెయ్యి చూడక్కర్లేదన్నారు."

సోమేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "అది చెప్పేదీ సబబుగానే..."

"మీకు పెరుగు వెయ్యనా?" అంది అనసూయ. వేసింది. కూతురి కంచంలోనూ వేసింది.

"కత్తెర నేను తీసుకెళ్ళనా?" అంది నీరజ తల ఎత్తకుండానే.

అనసూయ చాలాసేపు పెరుగన్నం కలుపుతూనే ఉంది.

"తీసుకెళ్ళు. కొత్తగా కుబుసం విడిచినదాన్ని మాత్రం ముట్టుకోకు," అంది. "పెంకు గట్టిపడేదాకా ఆగు. మెత్తగా ఉన్నప్పుడు కోస్తే చచ్చిపోతుంది."