డిడ్ అనే పసుపు అట్ట

నేను ఒక అట్టముక్కను. చీరల పెట్టె మూతలోంచి కత్తిరించి, పసుపు రంగు పూసి, నా మీద ఇంగ్లీషులో ‘డిడ్’ అని రాసింది సువార్త టీచరు. నెల్లూరులో తన ఇంటి వరండాలో ఆమె సాయంత్రాలు ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పుతుంది.

నాతోపాటే పుట్టింది ‘ఈట్’. అది నీలం అట్ట. దాని మీద అన్నం కంచం బొమ్మ కూడా ఉంది. నా మీద ఏ బొమ్మా లేదు. ‘డిడ్’కు ఏం బొమ్మ వేస్తారు? అందరి చేతులూ ముందు ఈట్ మీదికే వెళ్లేవి. నాకు ఒళ్లు మండేది.

“నీలంవి మెయిన్ వెర్బులు. పని ఏందో చెప్పేది అవే,” అనేది టీచరు. “పసుపువి హెల్పింగ్ వెర్బులు. పక్కనుండి సాయం చేస్తాయి.”

సాయమట. నాకు ఒక్కటే తృప్తి. ‘తిన్నాడు’ అని చెప్పేటప్పుడు ఈట్ తానే ‘ఏట్’గా మారి, గడిచిన కాలాన్ని మోస్తూ దర్జాగా నిలబడుతుంది. అదే ‘తిన్నాడా?’ అని అడగాలంటే నేను ముందుకు రావాలి. అప్పుడు ఆ కాలం నాదవుతుంది. అది మళ్లీ ఉత్త ఈట్ అయిపోతుంది. ఆ క్షణం కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని.

చెంచమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. తెలుగు రాని రోగిని తిన్నారా అని అడగబోయి “ఈట్?” అంటే, ఏదో పెట్టబోతోందనుకుని ఆయన “నో, థాంక్యూ” అన్నాడట. ఆ సాయంత్రమే క్లాసులో చేరింది. ఎంత చెప్పినా నన్ను మరిచిపోయేది. చివరికి టీచరు నన్ను ఆమె చేతిలో పెట్టింది.

“కోటు జేబులో ఉంచుకో చెంచమ్మా. చేతికి తగిలితే గుర్తొస్తాది.”

ఈట్‌ను వదిలి నేనొక్కదాన్నే బయటికి నడిచాను. ఎంత గర్వపడ్డానో.

ఒకరోజు పొద్దున, చెయ్యి విరిగిన మలయాళీ పాపను చెంచమ్మ ఆపరేషన్ గదికి తీసుకెళ్తోంది. మత్తివ్వాలి కాబట్టి ఏమీ పెట్టొద్దని నర్సు ముందే చెప్పింది. తండ్రి తలూపాడు. కానీ పాప గౌను మీద బిస్కెట్ పొడి ఉంది. చెంచమ్మ చెయ్యి జేబులోకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

“సార్, డిడ్ షీ ఈట్?”

తండ్రి మొహం పాలిపోయింది. ఏడుస్తుంటే చూడలేక రెండు బిస్కెట్లు పెట్టానని ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు. చెంచమ్మ స్ట్రెచర్ ఆపి నర్సును పిలిచింది. మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని డాక్టరు ఆపరేషన్ సాయంత్రానికి మార్చాడు. చీకటి పడకముందే పాప చేతికి కట్టుతో బయటికొచ్చింది. తండ్రి చెంచమ్మకు చేతులు జోడించాడు.

క్లాసులో ఈ సంగతి విని ఒకావిడ, “తినిందా అని అడగబట్టి సరిపోయింది,” అంది. అందరూ ఈట్ వైపు చూశారు. తెలుగులో నా పని ‘తినిందా’ అనే మాట చివర్లోనే కలిసిపోయింది. నాకంటూ వేరే మాటే లేదు.

నన్ను తిరిగి ఇచ్చేయమని టీచరు చెంచమ్మను అడిగింది.

“ఇది నాకాడే ఉండనీ మేడం,” అంది చెంచమ్మ.

టీచరు నవ్వి మరో ‘డిడ్’ కత్తిరించింది. ఇప్పుడు వరండాలో ఈట్ పక్కన నిలబడేది అదే. జేబులో నా పక్కన ఎవరూ లేరు. ఒంటరిగా నేను దేన్ని గురించీ అడగలేను. ఆ కొత్త అట్టను తలుచుకుంటే మాత్రం, ఈట్‌ను చూసి ఎన్నడూ కుళ్లుకోనంతగా కుళ్లుకుంటున్నాను.